ఉమ్మడి ఇంటికి వీలునామా: గోడలు కాదు, వాటా రాయాలి

వీధిలో నిలబడి చూస్తే అది ఒకటే ఇల్లు. అరుగు ఒకటే, సింహద్వారం ఒకటే. లోపలికి వెళితే రెండు వంటిళ్లు, రెండు కరెంటు మీటర్లు, పెరట్లో ఇద్దరికీ కలిపి ఒక నుయ్యి. అన్నదమ్ములిద్దరూ నలభై ఏళ్లు ఆ కప్పు కింద పొరపొచ్చాలు లేకుండా కాపురాలు చేశారు. తూర్పు వైపు మూడు గదులు అన్నగారివి, పడమటి వైపు మూడు గదులు తమ్ముడివి అని ఊరందరికీ తెలుసు. అయితే ఆ మాట ఏ కాగితం మీదా లేదు. రాసుకోవలసిన అవసరం వారికి కనిపించలేదు.

ముందు తమ్ముడు పోయాడు. ఆ తర్వాత అన్నగారి భార్య కన్నుమూసింది. కొడుకు ఉద్యోగరీత్యా హైదరాబాదులో స్థిరపడ్డాడు. భర్త పోయిన కూతురు పుట్టింటికి వచ్చి తండ్రికి ఇంత వండిపెడుతూ ఉండిపోయింది. ఆమెకు నిలువనీడ ఉండాలన్నదే ఆ పెద్దాయన దిగులు. ఒకరోజు తెల్లకాగితం తీసుకుని, తన ఇంటిలో తూర్పు వైపు మూడు గదులు, వంటిల్లు తన అనంతరం కుమార్తెకు చెందాలని వీలునామా రాశారు. ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించారు. నిశ్చింతగా కన్నుమూశారు.

పెద్దకర్మ అయిన వారానికి మాట మొదలైంది. ‘పెదనాన్న మాట కాదనం. కాని తూర్పు వైపు ఆయనదని ఎక్కడ రాసి ఉంది? రోడ్డు అటే, ధర పలికేదీ అటే’ అన్నారు తమ్ముడి కొడుకులు. ‘స్థలం తాతగారిది. అందులో నాకు పుట్టుకతోనే వాటా ఉంది. నాన్న మొత్తం ఎలా రాస్తారు?’ అన్నాడు సొంత కొడుకు. కూతురి చేతిలో వీలునామా ఉంది, గదుల తాళాలు ఉన్నాయి. ఆ గదులు తనవని చెప్పగల ధైర్యం మాత్రం లేకుండా పోయింది.

ఊరు పేరు ఏదైతేనేం? జిల్లాలో ఏ పట్టణానికి వెళ్లినా, ఏ పెద్ద గ్రామంలో చూసినా ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. మనుషులు మారతారు, చిక్కు మాత్రం ఇదే. వీలునామా రాయడం తెలియక కాదు; ఉమ్మడి ఇంటిలో తనది ఎంత అన్నది తేల్చుకోకుండా రాయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ప్రతి ఇటుకలోనూ సగం

ఇద్దరి పేరిట ఉన్న ఇంటిలో పంపకం జరగనంత వరకు ఏ గది ఎవరిదో చట్టం ఎదుట తేలదు. ఒకరికి సగం వాటా ఉందంటే తూర్పు సగమో పడమటి సగమో అని కాదు. ప్రతి గదిలోను, ప్రతి ఇటుకలోను, నూతిలోను, నడవాలోను సగం అని అర్థం. దీనినే దస్తావేజుల భాషలో అవిభక్త వాటా అంటారు.

ఎవరి సౌకర్యం కొద్దీ వారు ఫలానా గదుల్లో ఉండటం వాడకం మాత్రమే. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామని చెప్పవచ్చు. నోటిమాట పంపకం అసలు చెల్లదని కూడా కాదు. కాని దానిని రుజువు చేసుకునే భారం చెప్పినవారి మీదే పడుతుంది. పంచుకున్న పెద్దలు ఇద్దరూ పోయాక సాక్ష్యం చెప్పేవారు ఎవరు?

తనకు లేనిదానిని ఎవరూ వీలునామా ద్వారా ఇవ్వలేరు. సగం వాటా ఉన్న మనిషి ‘ఇల్లు మొత్తం నా కూతురికి’ అని రాస్తే అది సగానికే పారుతుంది. మిగతా సగం అసలు యజమానిదే. ఇక మూడు గదులు అని రాస్తే, ఆ గదులే తన వాటాకు వస్తాయన్న హామీ లేదు. పెద్దాయన రాసిన వీలునామాలో లోపం అక్కడే ఉంది.

ఇల్లు ఎలా వచ్చింది?

కాబట్టి కలం పట్టే ముందు చూసుకోవలసింది ఇల్లు తన చేతికి ఎలా వచ్చిందన్న సంగతి. మునిసిపాలిటీ పన్ను రసీదులో పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదు. ఆ రసీదు పన్ను కట్టినందుకు గుర్తు మాత్రమే. కొన్న దస్తావేజు, పాత పారీఖత్తు, తండ్రి వీలునామా వంటి మూలకాగితం బయటికి తీయాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించి ఇంటి మీద తనఖాలు, అమ్మకాలు ఏమైనా ఉన్నాయేమో చూడాలి.

పై కథలోని ఇంటినే తీసుకుంటే, మూలం ఏదన్నదాన్ని బట్టి లెక్క మూడు విధాలుగా మారుతుంది.

మొదటిది, అన్నదమ్ములిద్దరూ తమ సంపాదనతో కలిసి కొనడం. దస్తావేజులో వాటాలు రాసి ఉంటే ఆ ప్రకారమే. రాయకపోతే ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారన్నదాన్ని బట్టి. ఆ రుజువు కూడా లేకపోతే ఇద్దరికీ సమానమని చట్టం భావిస్తుంది. అప్పుడు పెద్దాయన వాటా సగం. ఆ సగాన్ని ఆయన తన ఇష్టం వచ్చినవారికి రాయవచ్చు. కొడుకు అడ్డు చెప్పడానికి లేదు.

రెండవది, ఇల్లు తాతగారి స్వార్జితమై, ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చిన తర్వాత వీలునామా లేకుండా పోవడం. అప్పుడు అది ఆయన కొడుకులకు సొంత ఆస్తిగానే వస్తుంది. మనవలకు పుట్టుకతో హక్కు ఉండదు. సుప్రీంకోర్టు 1986లో ఈ సంగతి స్పష్టం చేసింది. అయితే కొడుకులతో పాటు కూతుళ్లు, భార్య, తల్లి కూడా సమాన వారసులే. అన్నదమ్ములకు ఒక సోదరి ఉండి, నాయనమ్మ కూడా కాలం చేసి ఉంటే పెద్దాయన వాటా సగం కాదు, మూడో వంతు.

మూడవది, ఇల్లు తరతరాలుగా వస్తున్న ఉమ్మడి కుటుంబపు ఆస్తి కావడం. అందులో కొడుకుకు, కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంటుంది. ఆడపడుచులు లేరనుకుంటే అన్నగారి శాఖకు సగం వస్తుంది. ఆ సగంలో తండ్రి, కొడుకు, కూతురు ముగ్గురూ సమానం. అంటే పెద్దాయన వీలునామాలో రాయగలిగింది మొత్తం ఇంటిలో ఆరో వంతు. కూతురికి సొంత హక్కుగా ఇంకో ఆరో వంతు ఎలాగూ ఉంది. రెండూ కలిపినా మూడో వంతే.

1956కు ముందు ఉమ్మడి ఆస్తిలోని విడిపడని వాటాను వీలునామా రాసే హక్కే ఉండేది కాదు. ఆ ఏడాది వచ్చిన చట్టంలోని 30వ సెక్షను ఆ వీలు కల్పించింది. కాని కల్పించింది తన వాటాకు మాత్రమే.

స్థలం తాతలనాటిది, కట్టుబడి సొంత డబ్బుతో అన్న ఇళ్లు మన పక్క ఎక్కువ. అలాంటప్పుడు కట్టుబడికి ఖర్చు ఎవరు పెట్టారో తెలిపే రసీదులు, బ్యాంకు కాగితాలు, మునిసిపాలిటీ ప్లాను దాచుకోవాలి. గ్రామాల్లో చాలా పాత ఇళ్లకు దస్తావేజులే ఉండవు. అక్కడ పెద్దల నోట ఉన్న సంగతిని వారు ఉండగానే కాగితం మీదికి తేవడం మంచిది.

ఆడపడుచుల మాట

ఉమ్మడి ఇంటి లెక్కలో ఎక్కువమంది మరచిపోయేది ఆడపిల్లలను. ‘కట్నం ఇచ్చి పంపాం కదా’ అన్న మాటతో వాటా తీరిపోదు.

ఈ విషయంలో తెలుగునాట మార్పు దేశంలో చాలా చోట్ల కంటే ముందే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్లు లెక్క. ఆనాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లయిన వారికీ ఆ హక్కు ఇచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిన పంపకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు.

ఇంకొక నిబంధన కూడా 2005లోనే పోయింది. మగ వారసులు పంచుకోదలచుకుంటే తప్ప, కాపురం ఉంటున్న ఇంటిలో వాటా విడదీయమని ఆడ వారసులు అడగడానికి అంతకుముందు వీలుండేది కాదు. ఇప్పుడు ఆ అడ్డు లేదు. అందువల్ల వీలునామా రాసే అన్నదమ్ములు ముందు అక్కచెల్లెళ్ల వాటా తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే తమది ఎంతో చూసుకోవాలి. ఆమె తన వాటా వదులుకుంటానంటే నోటిమాట చాలదు. హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి.

ఆలుమగల పేరిట ఫ్లాటు

ఉమ్మడి ఇల్లంటే అన్నదమ్ములదే కానక్కరలేదు. బ్యాంకు అప్పు కోసం భార్యాభర్తలిద్దరి పేరిట ఫ్లాటు కొనడం ఈనాడు మామూలైంది. ఒకరు పోతే రెండోవారికి దానంతట అదే వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు.

హిందువులలో భర్త వీలునామా లేకుండా పోతే ఆయన సగం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే ఆయన తల్లికి సమానంగా వెళుతుంది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారనుకోండి. ఆ సగం నాలుగు భాగాలవుతుంది. తన సగంతో కలిపి భార్యకు దక్కేది ఎనిమిదింట అయిదు వంతులు. మిగిలిన మూడు వంతులు ముగ్గురి పేరిట ఉంటాయి. రేపు ఆ ఫ్లాటు అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా నలుగురి సంతకాలూ కావాలి. పిల్లలు మైనర్లయితే వారి వాటా అమ్మడానికి కోర్టు అనుమతి అవసరమవుతుంది.

కాబట్టి భార్యాభర్తలు ఎవరికి వారు విడిగా వీలునామా రాసుకోవడం మేలు. ఎవరి సగం వారు రాయాలి. అపార్టుమెంటు సొసైటీలో నామినీగా పేరు రాశామని ఊరుకోకూడదు. నామినీ అయినంత మాత్రాన ఇంటికి యజమాని కాడు. బ్యాంకు అప్పు మిగిలి ఉంటే ఆ భారం కూడా వాటాతో పాటు పుచ్చుకున్నవారి మీదికి వెళుతుంది. ఆ అప్పు దేనిలోంచి తీర్చాలో కూడా వీలునామాలో చెప్పవచ్చు.

ఏమని రాయాలి?

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. ఇంత భాషలోనే రాయాలన్న నియమం లేదు. మేజరై, తెలివిలో ఉన్న ఎవరైనా తెల్లకాగితం మీద రాయవచ్చు. కాని మాట స్పష్టంగా ఉండాలి.

ఇంటి డోరు నెంబరు, నాలుగు హద్దులు, ఆ ఇల్లు ఎలా సంక్రమించిందన్న వివరం ముందు రాయాలి. తర్వాత గదులు లెక్కపెట్టకుండా వాటా పేర్కొనాలి. ‘ఈ ఇంటిలోను, దాని స్థలంలోను నాకు గల అవిభక్త సగం వాటాను, మున్ముందు పంపకం జరిగిన పక్షంలో ఆ వాటా కింద నాకు వచ్చే భాగాన్ని నా అనంతరం నా కుమార్తె సర్వహక్కులతో పొందవలసినది’ అంటే సరిపోతుంది. అప్పుడు పంపకం తూర్పున జరిగినా పడమట జరిగినా వీలునామా వీగిపోదు.

రాసిచ్చిన మనిషి తనకంటే ముందే పోతే ఆ వాటా ఎవరికి అన్నది కూడా రాయాలి. ఈలోగా ఇల్లు అమ్మేస్తే ఆ రాత ఉత్తిదవుతుంది. వచ్చిన సొమ్ము అదే మనిషికి చెందుతుందని అనుకోకూడదు. అలా చెందాలనుకుంటే వీలునామా మార్చి రాయాలి. బతికి ఉన్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. కొట్టివేతలు, దిద్దుబాట్లకు కూడా సాక్షుల సంతకాలు కావాలి.

భార్యకు ‘బతికి ఉన్నంత కాలం అనుభవించి, తర్వాత పిల్లలకు’ అని రాయడం మన వాడుక. ఈ మాట మీద కోర్టుల్లో ఎన్నో వ్యాజ్యాలు నడిచాయి. అంతకుముందే ఉన్న మనువర్తి హక్కుకు బదులుగా ఆస్తి ఇస్తే, దస్తావేజులో పరిమితులు పెట్టినా అది ఆమెకు పూర్తి హక్కే అవుతుందని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అది తెలుగునేల నుంచి వెళ్లిన వ్యాజ్యమే. కనుక భార్యకు పూర్తి హక్కు ఇవ్వదలచారా, నివాసం మాత్రమేనా అన్నది వకీలును అడిగి రాయించుకోవడం మంచిది.

పిల్లల్లో ఒకరికి ఇవ్వకపోతే కారణం ఒక వాక్యంలో చెప్పాలి. ‘కుమారుని చదువుకు, ఇంటి కొనుగోలుకు ఇదివరకే ఇచ్చాను’ అన్న మాట ఉంటే, అది మరచి వదిలేసినది కాదని తెలుస్తుంది.

పైన చెప్పిన లెక్కలు హిందువులకు సంబంధించినవి. ముస్లింలు అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవులు వీలునామా రాసిన తర్వాత పెళ్లి చేసుకుంటే అది రద్దవుతుంది. మళ్లీ రాయాలి.

సాక్షులు ఎవరు?

రాసిన మనిషి సంతకం చేయడాన్ని, లేదా వేలిముద్ర వేయడాన్ని కనీసం ఇద్దరు చూసి, ఆయన ఎదుటే సాక్షి సంతకాలు చేయాలి. రేపు వివాదం వస్తే వారిలో బతికి ఉన్న ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది. అందుకే తనకంటే చిన్నవారిని, ఊళ్లో దొరికేవారిని, ఆస్తి పొందనివారిని సాక్షులుగా పెట్టుకోవాలి. వయసు మళ్లినవారు, జబ్బున పడినవారు వైద్యుని సాక్షిగా పెట్టుకుంటే ఇంకా మేలు. ఆస్తి పొందేవారే దగ్గరుండి అంతా నడిపిస్తే అనుమానానికి తావిచ్చినట్లే. ఆ అనుమానం తీర్చవలసిన బాధ్యత వీలునామా చూపించేవారిదేనని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాని సబ్ రిజిస్ట్రారు ఎదుట రిజిస్టరు చేయిస్తే కాగితం పోయినా నకలు దొరుకుతుంది. రాసినవారు బతికి ఉన్నంత వరకు వారికో, వారు అధికారం ఇచ్చినవారికో తప్ప ఇతరులకు ఆ నకలు ఇవ్వరు. ఇంట్లో తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచుకునే వీలు కూడా ఉంది.

బతికి ఉండగానే పంపకం

వీలునామా ఎంత బాగా రాసినా అది వాటాను చేతులు మారుస్తుందే తప్ప ఇంటిని విడదీయదు. విడదీయవలసింది పంపకమే. పెద్దలు ఉండగానే పంపకాల దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయిస్తే ఏ గదులు ఎవరివో, నడవా ఎవరెవరు వాడాలో, నుయ్యి, మేడమెట్లు ఉమ్మడిగా ఉండాలో లేదో తేలిపోతుంది. ఆ తర్వాత ‘తూర్పు మూడు గదులు’ అని వీలునామా రాసినా ఇబ్బంది లేదు.

పంపకం ఎందుకు, దానపత్రం రాసేద్దాం అనుకునేవారు జాగ్రత్త పడాలి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో విడిపడని వాటాను దానం చేస్తే మిగతా భాగస్వాముల సమ్మతి లేనిదే చెల్లదని 1987లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే.

ఇవేవీ చేయకపోతే మిగిలేది పార్టిషను దావా. మొదట ఎవరి వాటా ఎంతో చెబుతూ ప్రాథమిక డిక్రీ వస్తుంది. తర్వాత కమిషనరుగా వచ్చిన వకీలు టేపు పట్టుకుని గది గదీ కొలుస్తాడు. ఆపైన తుది డిక్రీ. ఇల్లు ముక్కలు చేయడానికి వీలులేనంత చిన్నదైతే, సగానికి తగ్గకుండా వాటా ఉన్నవారు కోరినప్పుడు అమ్మి సొమ్ము పంచమని 1893 నాటి పార్టిషను చట్టం కింద కోర్టు చెప్పవచ్చు. మిగతావారు ఆ వాటాను విలువ కట్టి కొనుక్కునే అవకాశం ఉంటుంది. చేతిలో డబ్బు ఉన్నవారికి అది అవకాశమే. లేనివారు సామాను సర్దుకోవలసిందే.

ఆ ఇంటి కూతురి భయం కూడా అదే. డబ్బు కావాలని ఆమె అడగడం లేదు. తండ్రి చివరి రోజులు గడిపిన గదిలో ఉండనిస్తే చాలంటున్నది. తండ్రి కోరుకున్నదీ అదే. తమ్ముడు బతికి ఉన్న రోజుల్లో అన్నదమ్ములిద్దరూ ఒక పూట అరుగు మీద కూర్చుని, మూలకాగితాలు ముందు పెట్టుకుని, పిల్లలందరినీ పిలిచి ఆ ఇల్లు పంచుకుని ఉంటే ఆ కోరిక తీరేది. ఆ రోజు ఇద్దరి మధ్యా మాట మీద మాట ఉండేది కాదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వారి ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.